‘కుయీదాతే’ దగ్గరే ఆగిపోయే తల్లుల చేత పిల్లలతో మాట్లాడించేదెలా?

ప్రశ్న: అమెరికాలో హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) తల్లులకు లైంగిక ఆరోగ్యం మీద రెండు గంటల సమావేశం పెడుతున్నాం. పిల్లలు 11–14 ఏళ్లవాళ్లు. చాలా ఇళ్లలో కూతురి చెవిన పడేది ‘కుయీదాతే’, అంటే ‘జాగ్రత్త’ అనే ఒక్క మాట. దేని గురించి జాగ్రత్తో చెప్పరు. తల్లులది స్పానిష్, పిల్లలది ఎక్కువగా ఇంగ్లిష్. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు 1: హెచ్‌పీవీ (లైంగికంగా సోకి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే వైరస్) టీకాతో మొదలుపెట్టండి. 11–12 ఏళ్లకు వేయించాలి, 9 నుంచే వేయించవచ్చు. ఎన్ని డోసులో డాక్టర్‌నే అడగమనండి. క్యాన్సర్ గురించి మాట్లాడటానికి ఏ తల్లీ సిగ్గుపడదు. ‘ఇది ఎలా సోకుతుంది?’ అని తనే అడుగుతుంది, అసలు సంగతి అక్కడ ఎత్తండి. బీమా లేని 19 లోపు పిల్లలకు ‘వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్’ అనే ప్రభుత్వ పథకం కింద టీకా మందు ఉచితం. వేసినందుకు రుసుము అడగవచ్చు గానీ, కట్టలేరని వెనక్కి పంపకూడదు. ఈ ముక్క తప్పక చెప్పండి.

‘రెస్పెతో’ను, అంటే పెద్దలంటే ఉండే గౌరవాన్ని, తప్పుపట్టకండి. పెద్దల ముందు ఇలాంటివి అడగకూడదని పెరిగిన పిల్ల నోరు తెరవదు. అందుకే తల్లే ముందు కదపాలి.

జవాబు 2: సగం సమయం సాధనకే పెట్టండి. పిల్ల ఏదైనా అడగగానే ‘పోర్ కే కియేరెస్ సబేర్?’ (నీకెందుకు?) అన్నారంటే ఆ పిల్ల మళ్లీ అడగదు. దాని బదులు ‘నువ్వేం విన్నావు?’ అనమనండి. విన్నాక రెండు వాక్యాల్లో జవాబిచ్చి ఆగాలి. ఉపన్యాసం మొదలైతే పిల్ల లేచి వెళ్లిపోతుంది. ఇద్దరేసి తల్లులను కూర్చోబెట్టి, ఒకరు కూతురిగా, ఒకరు తల్లిగా పైకి అనిపించండి.

శరీర భాగాల పేర్లు అచ్చేసిన కాగితం పంచకండి. ఇంట్లో వాడే మాటలు మెక్సికో వాళ్లవి వేరు, క్యూబా వాళ్లవి వేరు. ఖాళీ కాగితం ఇచ్చి ఇంటి మాట, పక్కన స్పానిష్ వైద్య పదం, దాని పక్కన బడిలో చెప్పే ఇంగ్లిష్ పదం వాళ్ల చేతనే రాయించండి.

జవాబు 3: క్లినిక్ గురించి రెండు మాటలు. పిల్ల చేత తల్లికి అనువాదం చేయించవద్దు. తన సంగతి తనే తల్లికి చెప్పాల్సి వస్తే దాచేస్తుంది. అమెరికా ఆరోగ్య బీమా చట్టం అఫర్డబుల్ కేర్ యాక్ట్ 1557 సెక్షన్ ప్రకారం ఫెడరల్ నిధులు తీసుకునే క్లినిక్‌లు అర్హత ఉన్న దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, అత్యవసరమైతే తప్ప మైనర్లను వాడకూడదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగమనండి.

డాక్టర్ కాసేపు పిల్లతో ఒంటరిగా మాట్లాడతారని కూడా తల్లికి ముందే చెప్పాలి. లేకపోతే బయటికి వెళ్లమనగానే ‘కొన్ఫియాన్సా’ (నమ్మకం) పోయిందనుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు: తండ్రులనూ అదే రోజు పిలవమంటారా?

జవాబు 2: వద్దండీ, వేరే సాయంత్రం పెట్టండి. భర్త పక్కనుంటే చాలామంది తల్లులు నోరు విప్పరు. కొడుక్కి ‘కండోమ్ వాడు’ అని, కూతురికి ‘వద్దు’ అని చెప్పే ఇళ్లలో కొడుక్కి కూడా అందేది సగమే. తండ్రులకు గడువు తేదీ చూడటం, పర్సులో పెడితే వేడికి, రాపిడికి పాడవడం, లేటెక్స్‌కు నూనె తగలకూడదనడం చేతికిచ్చి చూపించండి.