నాన్ కార్డ్ టోన్‌ను ‘అన్యస్వరం’ అనవచ్చా?

ప్రశ్న: పిల్లల కోసం కీబోర్డు పాఠాలు తెలుగులో రాస్తున్నాను. నాన్ కార్డ్ టోన్‌కు, అంటే అప్పుడు మోగుతున్న కార్డులో (కలిపి మోగించే స్వరాల గుంపులో) లేని స్వరానికి, ‘అన్యస్వరం’ సరిపోతుందా? ‘అనుస్వారం’ మేలని ఒక మిత్రుడి సలహా.

జవాబు: రెండూ వద్దండి. అన్యస్వరం అనే మాటకు ఇదివరకే వేరే కొలువు ఉంది. కాంభోజి రాగం 28వ మేళమైన (మూలరాగమైన) హరికాంభోజికి జన్యం, అంటే దాని నుంచి పుట్టింది. దాని సొంత నిషాదం (ని) కైశికి, అంటే కింది ని. అయినా కొన్ని ప్రయోగాల్లో పై ని అయిన కాకలి నిషాదం తొంగిచూసి పోతుంది. అది మేళానికి పరాయిది కనుక అన్యస్వరం, అలాంటి స్వరం ఉన్నందుకు కాంభోజి భాషాంగ రాగం. బిలహరి రాగంలో ఇది తిరగబడుతుంది: కాకలి ఇంటిది, కైశికి చుట్టం.

కార్డు లెక్క వేరు. ఎడమచేయి సి మేజర్, అంటే స-గ-ప, పట్టి ఉంచగా కుడిచేయి స-రి-గ వాయించిందనుకోండి. ఆ రి, సి మేజర్ స్కేలుకు సాటి అయిన శంకరాభరణ రాగానికి ఇంటిబిడ్డే. అప్పుడు మోగుతున్న కార్డులో మాత్రం లేదు. కార్డు ప-ని-రికి మారగానే అదే రి సొంతమవుతుంది, స, గలు బయట పడతాయి. పూటకో ఇల్లు మారే ఇలాంటి స్వరాన్ని అన్యస్వరం అంటే రాగాలు నేర్చిన పిల్లలు తికమకపడతారు.

ఇక మీ మిత్రుడి మాట. దీర్ఘంతో అనుస్వారం వ్యాకరణంలోది, మన సున్న. సంగీతంలోది అనుస్వరం, దీర్ఘం లేదు. జంటవరుసల్లో ‘స స రి రి’ పాడేటప్పుడు రెండో స్వరాన్ని కింది స్వరం నుంచి తాకి నొక్కుతాం కదా, స్ఫురితం అంటామే, ఆ తాకిన స్వరమే అనుస్వరం. రాసేటప్పుడు అది సాధారణంగా కనబడదు. నాన్ కార్డ్ టోన్ అలా దాక్కోదు, చాలాచోట్ల తన కాలప్రమాణంతో నిండుగా నిలబడుతుంది.

‘కార్డు బయటి స్వరం’ అని సాదాగా రాయండి. రెండు కార్డు స్వరాల మధ్య మెట్టుగా దాటే పాసింగ్ టోన్‌కు ‘దారి స్వరం’. అపొజ్జతూరాకు ‘ఆనుడు స్వరం’ అంటాను: ఇటాలియన్‌లో ఆ మాటకు మూలం ఆనుకోవడమే. బలమైన దెబ్బ మీద కార్డు బయటి స్వరం ఆని, పక్కనున్న కార్డు స్వరంలోకి జారుతుంది.

ప్రశ్న: మరి సస్పెన్షన్?

జవాబు: ‘వేలాడే స్వరం’ అని మక్కికి మక్కి దించకండి. వెనకటి కార్డులో సొంతంగా ఉన్న స్వరం, కార్డు మారినా కదలకుండా కూర్చుని, ఆలస్యంగా మెట్టు దిగుతుంది. ‘నిలిచిన స్వరం’ చాలు. నాకైతే ‘మొండి స్వరం’ ఇష్టం కానీ, పాఠంలో మీరు అచ్చు వేయరు లెండి.