గుల్మార్గ్ ప్రయాణం: బామ్మర్ది పాత స్కీలు తీసుకోవాలా, అక్కడే అద్దెకి తీసుకోవాలా?

కావలి_వాసి:
అందరికీ నమస్కారం. జనవరి చివర్లో నేను, మా ఆవిడ, బాబు కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్తున్నాం. మంచులో ఫోటోలు దిగి రావడానికి కాదు, స్కీయింగ్, అంటే కాళ్లకి స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారడం, నేర్చుకోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది, ఇప్పటికి కుదిరింది. సమస్య ఏందంటే, డెన్వర్‌లో ఉండే మా బామ్మర్ది సంక్రాంతికి వస్తూ తన పాత స్కీలు, బూట్లు తెచ్చిస్తానంటున్నాడు. అతను ఆరడుగుల మనిషి, చలికాలమంతా కొలరాడో కొండల మీదే ఉంటాడు, బాగా చేస్తాడు. స్కీల పొడవు 184 సెంటీమీటర్లు, నడుము వెడల్పు 108 మిల్లీమీటర్లట, బూట్లు 27.5 సైజు, ఫ్లెక్స్ 120 అని రాసుందట. ఈ అంకెలు నాకు ఒక్కటీ అర్థం కాలేదు. నాకు 52 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 81 కిలోలు, చెప్పులు 8వ నెంబరు. ఊరికే వచ్చేవి వద్దనడమెందుకని ఒక పక్క, మనకి పనికొస్తాయా అని ఇంకో పక్క. మా ఆవిడకి కళ్లద్దాలున్నాయి. బాబుకి 11 ఏళ్లు, వాడికి ఒక సైజు పెద్దవి కొంటే వచ్చే ఏడాదికి కూడా వస్తాయని ఆవిడ అంటోంది. కావలిలో, నెల్లూరులో వీటిని చూసినవాళ్లు నాకెవరూ దొరకలేదు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఒంగోలు_అబ్బాయి:
అన్నా, మాది ఒంగోలు. ఇప్పుడు ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్‌లో చదువుకుంటూ, స్కీ సామాను అద్దెకిచ్చే షాపులో పని చేస్తున్నా. ముందు బూట్ల సంగతి చెప్తా, ఎందుకంటే అందరూ స్కీల గురించే అడుగుతారు గానీ మీ రోజు బాగుండేదీ పాడయ్యేదీ బూట్లతోనే. బామ్మర్దిగారి బూట్లు మాత్రం తీసుకోవద్దు.

స్కీ బూటు సైజంటే పాదం పొడవు, సెంటీమీటర్లలో. చెప్పుల నెంబరుతో సంబంధం లేదు. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మడమ గోడకి ఆనించి కాగితం మీద నిలబడి పెద్ద వేలి చివర గీత పెట్టి కొలవండి, రెండు కాళ్లకీ. 26.5 వస్తే 26.5 బూటుతోనే మొదలుపెట్టాలి. వేసుకుని నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకి తగులుతాయి, అది చూసి చాలామంది చిన్నదైపోయిందని పెద్దది అడుగుతారు, మా షాపులో రోజూ ఇదే గొడవ. మోకాళ్లు ముందుకి వంచి చూడండి, మడమ వెనక్కి కూర్చుని వేళ్లకి చోటు దొరుకుతుంది. అప్పుడు కూడా నొప్పి పుడితేనే చిన్నది. ఇంకా అనుమానం ఉంటే లోపలి మెత్తటి తొడుగు తీసేసి, బయటి గట్టి డొప్పలో పాదం పెట్టి వేళ్లు ముందుకి ఆనించండి, మడమ వెనక ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉంటే సరైన సైజు. బూటు వదులైతే మీరు కాలు తిప్పినా స్కీ తిరగదు, మీరేమో నాకు రావట్లేదనుకుంటారు.

ఇంకో సంగతి. మనం చిన్నప్పటినుంచి చెప్పుల్లో, ఉత్తకాళ్లతో తిరిగినవాళ్లం, చాలామందికి పాదం ముందు భాగం వెడల్పుగా ఉంటుంది. బూట్లలో వెడల్పు కూడా ఉంటుంది, సన్నవి 98 మిల్లీమీటర్ల దగ్గర, వెడల్పువి 102 దగ్గర. అద్దె షాపులో వెడల్పు రకం ఇవ్వమని అడగండి, పక్కల నొక్కుతోందని పొడవు పెంచుకోవద్దు. ఫ్లెక్స్ అంటే బూటు ముందుకి వంగేటప్పుడు ఎంత గట్టిగా ఉంటుందనేది. 120 బాగా వచ్చినవాళ్లకి, మీ బరువుకి 80, 90 మధ్య చాలు, మీ ఆవిడకి 60, 70. పైగా వాడిన బూటు లోపలి తొడుగు ఆయన పాదం ఆకారానికి అణిగిపోయి ఉంటుంది.

పొగతోట_నెల్లూరు:
బూట్ల మాట నిజమే గానీ స్కీలు తెప్పించుకోండి అంటాను. గుల్మార్గ్‌లో పొడి మంచు బాగా పడుతుంది, 108 వెడల్పు స్కీ సరిగ్గా అలాంటి మంచుకే, మునిగిపోకుండా తేలుతుంది. అక్కడ అద్దె స్కీల్లో అరిగిపోయినవి కూడా అంటగడతారు, మనమే చూసుకోవాలి.

ఒంగోలు_అబ్బాయి:
లోతు మంచులో దిగేవాళ్లకి మీరు చెప్పింది కరెక్ట్. కానీ అన్న నేర్చుకునేది కింద గుల్మార్గ్ మైదానంలో, చిన్న వాలు మీద, తొక్కి చదును చేసిన మంచులో. అక్కడ నడుము, అంటే స్కీ మధ్య భాగం, వెడల్పు 70 నుంచి 85 మిల్లీమీటర్లు ఉన్న స్కీ అంచు మీదకి తేలిగ్గా వాలుతుంది. పొడవు కూడా మీ ఎత్తుకి 150 నుంచి 158 సెంటీమీటర్లు సరిపోతుంది, అంటే నిలబెడితే గడ్డానికీ ముక్కుకీ మధ్యకి రావాలి. 184 అంటే మీ తల దాటి ఒక జానెడు పైకి ఉంటుంది, దాన్ని తిప్పడానికే ఓపికంతా అయిపోతుంది.

అంతకన్నా ముఖ్యం బైండింగ్, బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు. పడ్డప్పుడు అది ఊడాలి, ఊడకపోతే ఆ మెలికంతా మోకాలు, కాలి ఎముక భరించాలి. ఎంత బలానికి ఊడాలో చెప్పే అంకెని డిన్ అంటారు. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, ఎంత వచ్చు అనేవన్నీ చూసి పట్టిక ప్రకారం పెడతారు, 50 దాటినవాళ్లకి ఒక మెట్టు తగ్గిస్తారు. బామ్మర్దిగారిది ఆయన వేగానికి బిగించి ఉంటుంది. అక్కడ మీ బూటుకి మార్చి బిగించాలన్నా, ఇప్పటి బూట్లలో చాలావాటికి గ్రిప్‌వాక్ అనే వంపు అడుగు ఉంటుంది, పాత బైండింగులు కొన్ని చదునైన అడుగుకే తయారైనవి, రెండూ కలవవు. అద్దె షాపులో మీ బరువు, వయసు ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. అడక్కుండా బిగించి ఇచ్చేస్తుంటే ఆపి మరీ చెప్పండి, మొహమాటపడొద్దు.

స్కీ అడుగున గోకి గుంటలు పడ్డాయేమో, ఇనుప అంచు తుప్పు పట్టిందేమో చూసి తీసుకోండి. అరిగినవి అంటగడతారన్న మాట నిజమే.

కందుకూరు_టీచర్:
నేను ఉత్తరాఖండ్‌లోని ఔలీలో స్కీయింగ్ కోర్సు చేశాను, స్కీలు, బూట్లు, కర్రలు వాళ్లే ఇచ్చారు. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ వాళ్ల స్కీయింగ్ సంస్థ ఉంది, అక్కడ కోర్సులో చేరినా సామాను గురించి టెన్షన్ ఉండదు. మీరు డబ్బు పెట్టాల్సింది ఒంటి మీద వేసుకునేవాటికి. మన దగ్గర దొరికే కాటన్ బనియన్లు, సాక్సులు అస్సలు వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉంటాయి, ఆగినప్పుడు చలి ఎముకల్లోకి పోతుంది. ఊలు లేదా పాలిస్టర్ థర్మల్స్, మీద ఒక ఫ్లీస్, ఆ పైన నీళ్లు దిగని జాకెట్, ప్యాంటు. జీన్స్ వద్దు. సాక్సులు ఒక్క జతే, మోకాలి కింద దాకా వచ్చే పల్చని ఊలువి. చలికి భయపడి రెండు జతలు వేస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా ముందే మొద్దుబారతాయి. చెన్నై వెళ్లే పని ఉంటే డెకాత్లాన్‌లో ఇవన్నీ వేసుకుని చూసి కొనుక్కోవచ్చు.

మేడమ్‌గారికి కళ్లద్దాల మీద పెట్టుకునే గాగుల్స్ వేరే ఉంటాయి, ఫ్రేముకి పక్కల గాడి ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకునే వెళ్లి కొనండి. డబుల్ అద్దం ఉన్నది తీసుకోండి, లోపల తేలిగ్గా ఆవిరి పట్టదు. అద్దం ఎంత ముదురు రంగో చెప్పే నెంబరు చూడండి: మబ్బు రోజుల్లో ఎస్1 లేదా ఎస్2, బాగా ఎండగా ఉంటే ఎస్3, ఒకటే కొనాలంటే ఎస్2.

బాబుకి పెద్ద సైజు మాత్రం వద్దండి. స్కూలు బూట్లకి మనందరం చేసే పనే గానీ ఇక్కడ కాలు లోపల ఆడితే వాడు స్కీని ఆపలేడు, పడితే చీలమండ దగ్గర దెబ్బ. ఎదిగే పిల్లలకి అద్దెకి తీసుకోవడమే సరి. హెల్మెట్ కూడా అంతే, తల ఊపితే కదలకూడదు, లోపల ఈఎన్ 1077 (స్కీ హెల్మెట్ల ప్రమాణం) అని రాసుందేమో చూడండి. క్రికెట్, సైకిల్ హెల్మెట్లు పనికిరావు.

కావలి_వాసి:
అందరికీ థాంక్స్. బామ్మర్దికి ఇప్పుడే ఫోన్ చేసి స్కీలు, బూట్లు వద్దన్నాను, గాగుల్స్, చేతి గ్లౌజులు తెమ్మన్నాను. కర్రలు ఎంత పొడవు ఉండాలి? గొండోలాలో (తీగ మీద నడిచే కేబుల్ కారులో) పైదాకా వెళ్లి అక్కడినుంచి దిగొచ్చా?

ఒంగోలు_అబ్బాయి:
కర్రని తలకిందులుగా నిలబెట్టి, ఇప్పుడు పైకి వచ్చిన గుండ్రటి చక్రానికి కాస్త కింద పట్టుకోండి, మోచేతి నుంచి ముంజేయి నేలకి సమాంతరంగా ఉంటే సరైన పొడవు. మీకు 115 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. బాబుకి మొదట్లో కర్రలు లేకుండానే నేర్పిస్తారు, అడగొద్దు.

గొండోలా మొదటి దశ కొంగ్‌డూరి దాకా, రెండో దశ అఫర్వత్ కొండ మీదకి, దాదాపు 3,950 మీటర్లు. చూడటానికి వెళ్లండి, దిగేటప్పుడు కూడా గొండోలాలోనే రండి. పైన ఎక్కువభాగం చదును చేయని కొండ. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ మీద మంచు చరియ విరిగిపడి పోలండ్ స్కీయర్లు ఇద్దరు చనిపోయారు. అక్కడ స్కీయింగ్‌కి వెళ్లేవాళ్ల దగ్గర ఒంటికి కట్టుకునే బీకన్ (మంచులో కూరుకుపోతే ఎక్కడున్నారో తెలిపే సిగ్నల్ పరికరం), పార, మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్ కర్ర, వీటన్నిటితో పాటు గైడ్ ఉండాలి. ఈసారికి మీకు కింద మైదానం చాలు.