పాత శాన్ మీద వర్చువల్ మెషీన్లకు క్లస్టర్ ఫైల్ సిస్టమ్ కావాలా, షేర్డ్ ఎల్‌వీఎం చాలా?

కృష్ణాతీరం:
మా సంస్థలో మూడు సర్వర్లు, ఫైబర్ ఛానెల్ మీద ఒక శాన్ (సర్వర్లన్నీ పంచుకునే స్టోరేజ్ నెట్‌వర్క్), సుమారు 40 వర్చువల్ మెషీన్లు (సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ సృష్టించే కంప్యూటర్లు) ఉన్నాయి. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక వీఎంవేర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోవడంతో, అదే పని చేసే ప్రాక్స్‌మాక్స్‌కు మారాలని నిర్ణయించుకున్నాము. శాన్‌ను మాత్రం వదులుకోలేము. వీఎంవేర్ వారి ఫైల్ సిస్టమ్ వీఎంఎఫ్ఎస్‌లో థిన్ డిస్కులకూ (రాసినంత చోటే తీసుకునేవి) స్నాప్‌షాట్లకూ (ఒక క్షణపు స్థితిని భద్రపరిచేవి) అలవాటు పడ్డాము కనుక, అదే లన్ (శాన్ ఇచ్చే డిస్కు) మీద ఓసీఎఫ్ఎస్2 అనే క్లస్టర్ ఫైల్ సిస్టమ్ పెట్టి క్యూకౌ2 (వర్చువల్ డిస్కు) ఫైళ్లు ఉంచుకోవడమే దగ్గరి దారిగా తోస్తోంది. కాదనేవారు కారణాలతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నిల్వగది:
కృష్ణాతీరం గారూ, వద్దనే నా సలహా. అనేక సర్వర్లు ఒకే డిస్కును పంచుకుంటున్నప్పుడు ఒకరి రాతను మరొకరు చెరపకుండా చూడడానికే క్లస్టర్ ఫైల్ సిస్టమ్ అంత శ్రమ పడుతుంది. వర్చువల్ మెషీన్ డిస్కులోకి ఒక సమయంలో ఒక్క హోస్టే (మెషీన్‌ను నడిపే సర్వర్) రాస్తుంది. లైవ్ మైగ్రేషన్‌లో (నడుస్తున్న మెషీన్‌ను మరో సర్వర్‌కు మార్చడంలో) కూడా ఆ హక్కు చేతులు మారుతుందే తప్ప ఇద్దరూ కలిసి రాయరు. లాక్ (ఇతరులు రాయకుండా ఆపడం) నిజంగా కావలసింది కొత్త ఫైలు సృష్టించినప్పుడు, థిన్ డిస్కు పెరిగినప్పుడు, స్నాప్‌షాట్ తీసినప్పుడు. ఆ కాస్త పనికే వీఎంఎఫ్ఎస్ ఎంత ఇబ్బంది పెట్టిందో పాతవారికి గుర్తుండే ఉంటుంది. అది లాక్‌కు వాడే స్కజీ రిజర్వేషన్ మొత్తం లన్‌నే బిగించేది కనుక, రాత్రి బ్యాకప్ వేళ స్నాప్‌షాట్లు తీస్తుంటే సంబంధం లేని మెషీన్లు కూడా నెమ్మదించేవి. 2010లో వీఎంవేర్ వీస్ఫియర్ 4.1తో ఏటీఎస్ అనే సదుపాయం వచ్చి, కావలసిన లాక్‌ను మాత్రమే ఒక్క ఆదేశంతో సరిచూసి మార్చే వీలు కలిగాకే ఆ బాధ తగ్గింది, అదీ స్టోరేజ్ అర్రేకు (శాన్‌లో డిస్కులుండే పరికరానికి) ఆ ఆదేశం తెలిసి ఉంటేనే.

ఓసీఎఫ్ఎస్2లో ప్రతి నోడూ (క్లస్టర్‌లోని సర్వర్) 2 సెకన్లకొకసారి డిస్కు మీద హార్ట్‌బీట్ (తాను బతికే ఉన్నానన్న గుర్తు) రాస్తుంది, లాకుల సంప్రదింపులు మాత్రం నెట్‌వర్క్ మీద జరుగుతాయి. నెట్‌వర్క్ తెగి తనకు మెజారిటీ లేదని తేలిన నోడ్ తనను తానే రీబూట్ చేసుకుంటుంది. నేను ఇంతకుముందు పనిచేసిన చోట మూడు నోడ్‌లను కలిపే ఒకే ఒక స్విచ్‌ను ఫర్మ్‌వేర్ కోసం రీస్టార్ట్ చేశారు. ప్రతి నోడ్‌కూ డిస్కు మీద ముగ్గురూ బతికే ఉన్నట్టు కనిపిస్తోంది, నెట్‌వర్క్‌లో మాత్రం తానొక్కటే ఉంది. ఎవరికీ సగానికి మించి అందలేదు కనుక మూడూ రీబూట్ అయ్యాయి, శాన్ నిక్షేపంగా ఉండగానే మెషీన్లన్నీ పడిపోయాయి. షేర్డ్ ఎల్‌వీఎంలో (డిస్కును వాల్యూమ్‌లుగా పంచే లినక్స్ పద్ధతి) ఒక్కో డిస్కు ఒక్కో లాజికల్ వాల్యూమ్ అవుతుంది, మెషీన్ రాతలకు మధ్యలో ఏ ఫైల్ సిస్టమూ అడ్డు రాదు.

గోదారిగట్టు:
నిల్వగది గారు చెప్పిన సంఘటనలో దోషం ఫైల్ సిస్టమ్‌ది కాదని నా అభిప్రాయం. ప్రాక్స్‌మాక్స్‌లో హెచ్‌ఏ (నోడ్ పడిపోతే మెషీన్లను మరో నోడ్‌లో లేపే ఏర్పాటు) పెట్టుకున్నా అదే స్విచ్ పోయి క్వోరం (నోడ్‌ల మెజారిటీ) తప్పితే, సుమారు 60 సెకన్లలో వాచ్‌డాగ్ (కాపలా టైమర్) ఆ నోడ్‌లను రీబూట్ చేస్తుంది. బతికి ఉన్నాడో లేదో తెలియని నోడ్‌ను డిస్కుకు దూరం చేయకుండా దాని పనిని మరొకరికి అప్పగిస్తే డేటా చెడుతుంది. ఈ కఠినత్వం మన మేలు కోసమే ఉంది. రెండు స్విచ్‌లు పెట్టుకోవడమే దానికి మందు.

ఇక ఎల్‌వీఎం లోటు చిన్నదేమీ కాదు. 500 జీబీ డిస్కులో 60 జీబీయే వాడినా వాల్యూమ్ గ్రూపులో (ఎల్‌వీఎం పంచే మొత్తం చోటులో) 500 జీబీ పోతుంది. 2025 ఆగస్టులో ప్రాక్స్‌మాక్స్ 9 వచ్చేదాకా షేర్డ్ ఎల్‌వీఎం మీద స్నాప్‌షాటే లేదు. అందులో వచ్చిన వాల్యూమ్ చైన్ పద్ధతిని సాంకేతిక పరిచయంగానే (ప్రయోగదశలోనే) విడుదల చేశారు, పైగా ప్రతి స్నాప్‌షాట్‌కూ పూర్తి డిస్కు పరిమాణం కేటాయించాలి. అప్‌డేట్‌కు ముందు స్నాప్‌షాట్ తీసుకోలేని నిర్వాహకుడు రాత్రిపూట ఎంత భయంతో పనిచేస్తాడో ఆలోచించండి.

నిల్వగది:
హెచ్‌ఏ మాట ఒప్పుకుంటాను. అయితే హెచ్‌ఏ పెట్టని నోడ్‌లో వాచ్‌డాగ్ పని చేయదు. క్వోరం పోయినా అప్పటికే నడుస్తున్న మెషీన్లు ఎల్‌వీఎం మీద నడుస్తూనే ఉంటాయి. ఓసీఎఫ్ఎస్2లో ఆ ఎంపిక మన చేతిలో ఉండదు. రేపటి సంగతి కూడా చూడాలి. మరో క్లస్టర్ ఫైల్ సిస్టమ్ అయిన జీఎఫ్ఎస్2ను ఏళ్ల తరబడి పోషించిన రెడ్ హ్యాట్ సంస్థే తన లినక్స్ ఆర్‌హెచ్‌ఈఎల్ 10 నుంచి ఆ మద్దతు ఆపేసింది. ఓసీఎఫ్ఎస్2 లినక్స్ కెర్నల్‌లో ఉన్నా ప్రాక్స్‌మాక్స్ దానికి అధికారికంగా మద్దతు ఇవ్వదు. అర్ధరాత్రి చెడితే ఎవరిని అడుగుతారు?

కృష్ణాతీరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. గోదారిగట్టు గారు థిన్ డిస్కుల సంగతి ఎత్తాక మా అర్రేను పరిశీలించాను. లన్‌నే థిన్‌గా ఇచ్చే వీలు అందులో ఉంది. పైన ఎల్‌వీఎం పూర్తి పరిమాణం చూపినా, కింద రాసినంత మేరకే చోటు ఖర్చవుతుంది, గెస్ట్ (వర్చువల్ మెషీన్) నుంచి డిస్కార్డ్ (ఈ చోటు ఇక అక్కర్లేదనే) ఆదేశాలు వెళ్లనిస్తే ఖాళీ అయినది తిరిగి వస్తుంది. అర్రే నిండకుండా కాపలా కాసే బాధ్యత మాత్రం మాదే. స్నాప్‌షాట్ తరచుగా కావలసినవి ఆరు పరీక్షా మెషీన్లే కనుక వాటిని ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు పంచుకునే పద్ధతి) మీద క్యూకౌ2గా ఉంచి, తక్కినవన్నీ షేర్డ్ ఎల్‌వీఎంకు తరలిస్తాము. హెచ్‌ఏను డేటాబేస్ మెషీన్లకు మాత్రమే పెడతాము. అవి ఉన్న నోడ్ క్వోరం పోతే రీబూట్ అవుతుంది కనుక రెండో స్విచ్ వచ్చేదాకా తరలింపు మొదలుపెట్టము.