అటిక్‌కి స్ప్రే ఫోమ్ వేయించాలా? ఈ వారంలో తేల్చి చెప్పాలి

ప్రాస్పర్, డాలస్ దగ్గర:
ఇల్లు కట్టిస్తున్నాం, ఫ్రేమింగ్ అయిపోయింది, వైరింగ్ లాగుతున్నారు. అటిక్‌లో (పైకప్పుకీ సీలింగ్‌కీ మధ్య ఖాళీలో) వేడి ఆపడానికి మామూలు ఫైబర్‌గ్లాస్ బదులు స్ప్రే ఫోమ్ (కొట్టగానే ఉబ్బి గట్టిపడే నురగ) కావాలంటే శుక్రవారంలోపు చెప్పమన్నాడు బిల్డర్. ఏసీ డక్టులన్నీ అటిక్‌లోనే. మొన్న మధ్యాహ్నం నిచ్చెనెక్కి తల పెడితే నిమిషం కూడా ఉండలేకపోయాను. కానీ మా అమ్మకి ఆస్తమా, డిసెంబర్‌లో వస్తోంది. ఫోమ్ వాసన గురించే నా టెన్షన్. వేయించుకున్నవాళ్లు చెప్పండి.

మెకిన్నీ నుంచి:
తప్పకుండా వేయించండి. దీన్ని సీలింగ్ మీద కాదు, రూఫ్ డెక్ (పైకప్పు చెక్క పలకలు) కింద కొడతారు, వెంట్లు మూసేస్తారు, దాంతో అటిక్ కూడా ఇంట్లో భాగమైపోతుంది, డక్టులు ఎండలో మగ్గవు. ఆగస్టులో కూడా మా అటిక్‌లో కూర్చుని బొమ్మల కొలువు పెట్టెలు సర్దుకుంటాం. ఆర్-వాల్యూ (వేడిని ఆపే శక్తి) అంగుళానికి ఓపెన్ సెల్‌కి (మెత్తటి ఫోమ్) మూడున్నర పైన, క్లోజ్డ్ సెల్‌కి (గట్టి ఫోమ్) 6 నుంచి 7. అయినా నేను ఓపెన్ సెల్లే వేయించాను. పైన లీకైతే నీళ్లు దాన్లోంచి దిగి కనపడతాయి, క్లోజ్డ్ సెల్ అయితే లీకు తెలియకుండానే చెక్క పుచ్చిపోవచ్చు.

హ్యూస్టన్ నుంచి, ఏసీ డిజైన్ నా పని:
ఫోమ్ ఒక్కటే మార్చి ఏసీ పాత లెక్కనే ఉంచితే మాత్రం ఇబ్బంది పడతారు బ్రదర్. టన్నేజీ (ఏసీ సైజు) ఎక్కువైపోయి కాసేపు తిరిగి ఆగిపోతుంది, ఇల్లు చల్లబడుతుంది కానీ తేమ పోదు, దుప్పట్లు కూడా చెమ్మగా అనిపిస్తాయి. మాన్యువల్ జె లెక్క (ఇంటికి ఎంత ఏసీ కావాలో తేల్చేది) ఫోమ్‌తో మళ్లీ చేయించండి. ఇల్లు బిగుసుకుపోతుంది కాబట్టి బయటి గాలి తెచ్చే ఏర్పాటు ఉండాలి, ఈఆర్‌వీ (బయటికి పోయే గాలి చల్లదనాన్ని లోపలికొచ్చే గాలికి ఇచ్చే మెషిన్) అయితే మంచిది. స్టవ్ మీద హుడ్ పొగని బయటికి పంపేదే పెట్టించండి, లేకపోతే పొద్దున వేసిన తాలింపు ఘాటు సాయంత్రం దాకా పోదు, మీ అమ్మగారికి అదే ఎక్కువ ఇబ్బంది. అటిక్‌లో గ్యాస్ ఫర్నేసు గానీ వాటర్ హీటర్ గానీ ఉంటే ఇంటి గాలి వాడుకోని సీల్డ్ రకమే ఉండాలి. ఇది ప్రాణాల సంగతి.

ఫ్రిస్కో నుంచి:
వాసన సంగతి నేను చెప్తాను, మేం పడ్డాం. రెండు డ్రమ్ముల్లో రెండు ద్రవాలు వస్తాయి, ఒకదాంట్లో ఐసోసయనేట్, ఇంకోదాంట్లో రెసిన్. గన్ దగ్గర సమపాళ్లలో కలుస్తాయి. పాళ్లు తప్పినా, వేడి సరిపోకపోయినా ఫోమ్ సరిగ్గా గట్టిపడదు. మా హాల్లో ఒక మూల అలాగే అయింది, ఎండుచేపల కంపు, కోసి చూస్తే ఫోమ్‌కి రాఫ్టర్‌కి (పైకప్పు దూలానికి) మధ్య వేలు దూరేంత సందు! డ్రైవాల్ (గోడలకీ సీలింగ్‌కీ బిగించే జిప్సం బోర్డు) పడ్డాక బయటపడింది కాబట్టి సీలింగ్ పగలగొట్టి మొత్తం గీకించాం. మీరు డ్రైవాల్ పడకముందే టార్చ్ పట్టుకుని వెళ్లండి. బొటనవేలితో నొక్కితే ఓపెన్ సెల్ మళ్లీ పైకి రావాలి, జిగటగా అంటుకుంటే మళ్లీ కొట్టించండి. ఫోమ్ కొట్టకముందు వైర్లన్నీ ఫొటోలు తీసుకోండి. కొట్టిన రోజు ఎవరూ ఇంట్లోకి వెళ్లొద్దు, కనీసం 24 గంటలు ఆగండి.

ప్రాస్పర్, డాలస్ దగ్గర:
అందరికీ చాలా థాంక్స్. మా ప్లాన్‌లో వాటర్ హీటర్ అటిక్‌లోనే ఉంది, గ్యాస్‌దే. ఫోమ్ ఓకే చెప్పే ముందు అది ఏ రకమో బిల్డర్‌ని అడిగి, మోడల్ ఫొటో రేపు ఇక్కడ పెడతాను. హ్యూస్టన్ అన్నా, ఒకసారి చూసి చెప్పండి.