సొంత బ్రోకరా, అద్దె హబ్బా: ఆరు వేల మీటర్ల పంచాయితీ

మీటర్ల_మనిషి
మా దగ్గర ఆరు వేల నీటి మీటర్లు ఉన్నాయి. ప్రతి మీటరూ పదిహేను నిమిషాలకు ఒకసారి మూడు వందల బైట్ల సందేశం పంపుతుంది. నెలవారీ సర్వర్ ఒకటి తీసుకుని, దాని మీద మస్కిటో అనే బ్రోకర్ (సందేశాలు అందుకుని పంచే ప్రోగ్రామ్) పెట్టి, నాలుగేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. వచ్చే ఏడాదికి మీటర్లు రెట్టింపు అవుతాయట. అందుకని ఇదే పని చేసిపెట్టే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అజూర్ ఐఓటీ హబ్‌కు మారిపోదామని పైవాళ్లు పట్టుబడుతున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు.

మీటర్లు బ్రోకర్‌తో మాట్లాడే భాష ఎంక్యూటీటీ పుట్టిందే ఇలాంటి పని కోసం. చమురు పైపులైన్ల సమాచారాన్ని ఉపగ్రహ లింకుల మీద తక్కువ బైట్లతో పంపడానికి 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దాన్ని తయారు చేశారు. ఇంత తేలికైన దానికి అద్దె ఇల్లు ఎందుకు? అద్దె ఇంట్లో మేకు కొట్టాలన్నా యజమాని ఒప్పుకోవాలి. ఐఓటీ హబ్‌లో టాపిక్ పేర్లు, అంటే సందేశాల చిరునామాలు, వాళ్లు పెట్టినవే వాడాలి. తర్వాత చేరేవాళ్ల కోసం ఉంచమని రిటైన్ గుర్తు పెట్టి పంపినా ఆ సందేశాన్ని దాచి ఉంచదు. క్యూఓఎస్ 2తో (సందేశం సరిగ్గా ఒక్కసారే చేరాలనే హామీతో) పంపితే కనెక్షన్‌నే తెంచేస్తుంది. నా మీటర్లన్నీ క్యూఓఎస్ 2 మీదే నడుస్తున్నాయి. ఒక్క లీటరు రెండుసార్లు లెక్కలో పడినా పట్టుకునేది నన్నే.

మారడం అవసరమని ఎవరైనా నన్ను ఒప్పించగలరా?

రాత్రి_కాపలా
నేను ప్రయత్నిస్తాను. "నాలుగేళ్లు బాగానే నడిచింది" అనే మాట వింటే నా పాత పొగరు గుర్తుకొస్తుంది. మేమూ సొంత బ్రోకరే నడిపాం. పరికరాలు వెయ్యి దాటిన కొద్ది రోజులకు కొత్తవి కలవడం మానేశాయి. పాతవి మాత్రం నిక్షేపంగా పనిచేస్తున్నాయి. రెండు రాత్రులు నెట్‌వర్క్ వాళ్లను తిట్టి పోశాను. తీరా చూస్తే లినక్స్‌లో ఒక ప్రాసెస్ తెరవగల ఫైళ్ల పరిమితి 1,024 దగ్గర ఉంది. ప్రతి కనెక్షన్ కూడా ఒక ఫైలు కిందే లెక్క. ఒక్క వరుస మార్చగానే అంతా సర్దుకుంది.

ఆ వరుస మీకు తెలిసే ఉంటుంది, ఆరు వేలు నడుపుతున్నారు కాబట్టి. తెలియని వరుస ఎక్కడ దాక్కుందో అది చెప్పండి. సర్వర్ అసలైనదేనని రుజువు చేసే సర్టిఫికెట్ గడువు తీరే రోజు ఏది? డిస్క్ నిండితే ఎవరికి కబురు వెళ్తుంది? మీ మస్కిటో ఒకే యంత్రం మీద ఉంది కదా, అది పడితే ఆరు వేలూ ఒక్కసారే పడతాయి.

ఇంకొకటి, నిజం చెప్పండి. అన్ని మీటర్లకూ ఒకే పాస్‌వర్డా?

మీటర్ల_మనిషి
ఒకటి కాదు, మూడు. నవ్వకండి.

రాత్రి_కాపలా
నవ్వు రావడం లేదండీ. ఎవరైనా ఒక్క మీటరు విప్పదీసి చూస్తే రెండు వేల మీటర్ల తాళంచెవి చేతికి చిక్కుతుంది. దాన్ని మార్చాలంటే ఆ రెండు వేలనూ ఒకేసారి మార్చాలి. హబ్‌లో ప్రతి పరికరానికీ విడి గుర్తింపు, విడి తాళం ఉంటాయి. ఒకదాన్ని నిలిపేస్తే పక్కదానికి తెలియను కూడా తెలియదు. మస్కిటోలో ఇది చేయలేమని అనను, చేయవచ్చు. కానీ మీరు నాలుగేళ్లలో చేయలేదు. నేనూ చేయలేదు. సొంతంగా నడిపేవాళ్లలో చాలామంది చేయరు, ఎందుకంటే అడిగేవాడు లేడు.

లెక్కల_పంతులు
ఇల్లూ తాళాలూ సరే, సంఖ్యలు ఎవరూ రాయలేదు. నేను రాస్తాను.

పదిహేను నిమిషాలకు ఒకటి చొప్పున మీటరుకు రోజుకు 96 సందేశాలు. ఆరు వేల మీటర్లకు 5,76,000. హబ్‌లో ఎస్1 తరగతి యూనిట్ ఒకటి రోజుకు 4,00,000 సందేశాలు తీసుకుంటుంది. అంటే రెండు యూనిట్లు కావాలి. అయితే అక్కడ సందేశాన్ని 4 కేబీ ముక్కల్లో కొలుస్తారు. మీ మూడు వందల బైట్లకూ అంతే, నిండు 4 కేబీకీ అంతే. నాలుగు రీడింగులు మూటకట్టి గంటకోసారి పంపండి. మూట 1,200 బైట్లు దాటదు, రోజుకు 1,44,000 సందేశాలే అవుతాయి. మీటర్లు రెట్టింపైనా 2,88,000, ఒక్క యూనిట్‌లో ఇమిడిపోతుంది. లీకు హెచ్చరికను మాత్రం మూటలో పెట్టకండి, అది అప్పటికప్పుడు వెళ్లాలి.

ఈ లెక్కను చెడగొట్టేది పరికరపు ట్విన్, అంటే ఆ పరికరం సెట్టింగులూ స్థితీ రాసి హబ్‌లో ఉంచే పత్రం. మీటరు మళ్లీ కనెక్ట్ అయిన ప్రతిసారీ ట్విన్ మొత్తం తెప్పించుకుంటే అది కూడా సందేశాల ఖాతాలోనే పడుతుంది. సిగ్నల్ సరిగా లేని చోట మీటరు రోజంతా తెగుతూ కలుస్తూ ఉంటుంది, మీ కోటా కరిగిపోతూ ఉంటుంది. కోటా అయిపోయాక యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రి వరకు కొత్త సందేశాలు తీసుకోదు. అందాకా రీడింగులు మీటరులోనే నిలవ ఉండే ఏర్పాటు చేసుకోవాలి.

వేగం సంగతి కూడా చూడండి. ఒకటి రెండు ఎస్1 యూనిట్లతో సెకనుకు వంద కొత్త కనెక్షన్లే దొరుకుతాయి. నెట్‌వర్క్ పడి లేచిందంటే ఆరు వేల మీటర్లూ ఒక్కసారే తలుపు తడతాయి. ఎంత లేదన్నా ఒక నిమిషం పడుతుంది. అది పెద్ద విషయం కాదు. కాదనిపించుకున్న మీటరు ఆ క్షణమే మళ్లీ తడితేనే చిక్కు. ప్రతి ప్రయత్నానికీ విరామం రెట్టింపు చేయాలి, ఆ విరామంలో కొంత యాదృచ్ఛికంగా ఉండాలి. సొంత బ్రోకర్‌కూ ఇదే రోగం వస్తుంది. రహస్య కనెక్షన్ కుదుర్చుకునే టీఎల్‌ఎస్ కరచాలనాలతోనే ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది.

ఇక మీ క్యూఓఎస్ 2. అది మీటరుకూ బ్రోకర్‌కూ మధ్యనే ఒప్పందం. బ్రోకర్ నుంచి మీ డేటాబేస్ దాకా వెళ్లే దారికి దానితో సంబంధం లేదు, అక్కడ నకలు పుట్టవచ్చు. "గత పావుగంటలో 12 లీటర్లు" అని పంపకుండా, మీటరు మీద కనిపించే మొత్తం సంఖ్యను సమయంతో సహా పంపండి. 81,240 అని రెండుసార్లు వచ్చినా అది 81,240 లీటర్లే. మధ్యలో ఒకటి రాకపోయినా తర్వాతిది మొత్తాన్ని సరిచేస్తుంది. కనీసం ఒక్కసారి చేరుతుందనే హామీ ఇచ్చే క్యూఓఎస్ 1 చాలు.

మీటర్ల_మనిషి
ఆఖరి పేరా చదివి కాసేపు కుర్చీలోంచి లేవలేదు. మావి పెరుగుదలనే పంపుతాయి. నాలుగేళ్లుగా నకళ్లకు భయపడ్డాను గానీ, పంపే సంఖ్యను మార్చాలని తట్టలేదు. క్యూఓఎస్ వాదన వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి తీసుకోలేదు.

పాత_ఫర్మ్‌వేర్
ఇద్దరూ సర్వర్ వైపే చూస్తున్నారు. నేను గోతిలో ఉన్న మీటరు వైపు నుంచి మాట్లాడతాను.

గూగుల్ తన ఐఓటీ కోర్ సేవను మూసేస్తున్నానని 2022 ఆగస్టులో చెప్పి, 2023 ఆగస్టు 16న మూసేసింది. ఇల్లు ఖాళీ చేసి సామాను సర్దుకోవడానికి ఏడాది ఎక్కువే. మూత కింద, మట్టి కింద ఉన్న మీటర్లను సర్దడం వేరు. సేవ మూతపడకపోయినా గండాలు ఉంటాయి. అజూర్ ఐఓటీ హబ్ అప్పట్లో వాడిన మూల సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైనది) బాల్టిమోర్ సైబర్‌ట్రస్ట్‌ది, దాని గడువు 2025 మేతో ముగిసేది. అందుకే 2023 ఫిబ్రవరి నుంచి హబ్‌లను డిజిసర్ట్ గ్లోబల్ రూట్ జీ2కు మార్చడం మొదలుపెట్టారు. పాత మూలాన్ని ఒక్కదాన్నే నమ్ముకున్న పరికరానికి ఆ తర్వాత హబ్ పరాయిది అయిపోతుంది. తప్పు హబ్‌ది అనలేం, గడువు అందరికీ తెలిసిందే. మేము కొన్న ఒక రకం పరికరాల్లో మూలం ఒక్కటే ఉండేది, మార్చే వీలు లేదు. తయారీదారుడు ఫోను ఎత్తడం మానేశాడు. నిచ్చెన వేసుకుని ఒక్కొక్కదాని దగ్గరకు వెళ్లాం.

కాబట్టి నా ప్రశ్నలు వేరు. మీటరు ఏ చిరునామాకు పోతుందో దూరం నుంచి మార్చగలరా? కొత్త మూల సర్టిఫికెట్ పంపగలరా? రెండింటికీ అవునంటే హబ్‌కు వెళ్లండి, నచ్చకపోతే తిరిగి రండి. కాదంటే రెండు చోట్లా మీరు బందీలే. హబ్‌కు వెళ్లేటట్లయితే దాని పేరును మీటరులో రాయకండి. ప్రొవిజనింగ్ సేవను అడిగి, అది చెప్పిన హబ్‌కు వెళ్లేలా రాయండి.

రాత్రి_కాపలా
ఇందులో సగమే ఒప్పుకుంటాను. సొంత డొమైన్, సొంత మూల సర్టిఫికెట్ పెట్టుకుంటే బయటి గడువులతో పని లేదని తర్వాత ఎవరో ఒకరు అంటారు, అందుకే ముందే చెబుతున్నాను. ఆ మూలం తాలూకు రహస్య తాళంచెవి ఎక్కడ ఉంటుంది? ఒకరి ల్యాప్‌టాప్‌లో. ఆయన ఉద్యోగం మారితే? ఇలాంటి ల్యాప్‌టాప్‌ను నేను చెరిపి కొత్తవాడికి ఇవ్వబోయి, ఆఖరి నిమిషంలో ఆగాను.

పాత_ఫర్మ్‌వేర్
ఆ సగం నేనూ ఒప్పుకుంటాను. కాపాడగలిగినవాళ్లే పెట్టుకోవాలి. మీటర్ల_మనిషి గారు ఇంకా జవాబు చెప్పలేదు.

మీటర్ల_మనిషి
చెప్పడానికి ముందు లెక్క తీయాల్సి వచ్చింది. 4,650 మీటర్లకు దూరం నుంచి ఫర్మ్‌వేర్ (మీటరు లోపలి ప్రోగ్రామ్) పంపగలం. 1,350 మీటర్లకు పంపలేం, అవి మొదటి విడతవి. వాటిలో బ్రోకర్ పేరు కూడా లేదు, ఐపీ సంఖ్యే నేరుగా రాసి ఉంది. ఇది ఎవరి నిర్వాకమో చూద్దామని పాత కోడ్ తెరిచాను. నాదే.

ప్రస్తుతానికి అనుకున్నది ఇది. 4,650 మీటర్లకు ముందు మొత్తం సంఖ్య పంపే మార్పు, తర్వాత విడి తాళాలు. అవి అయ్యాక వంద మీటర్లను హబ్‌కు పంపి ఒక నెల చూస్తాం. మిగతా 1,350 పాత బ్రోకర్‌తోనే ఉంటాయి, వాటి సందేశాలను అవతలికి చేరవేయడానికి చిన్న వారధి ప్రోగ్రామ్ రాస్తాను. కాబట్టి సొంత ఇల్లు పూర్తిగా వదలడం లేదు.

లెక్కల_పంతులు
చిన్న సందేహం. ఆ ఐపీ సంఖ్య ఎవరిది?

మీటర్ల_మనిషి
సర్వర్‌ది.

లెక్కల_పంతులు
సర్వర్ నెలవారీ అద్దెకు తీసుకున్నానని మొదట్లోనే రాశారు. ఆ సర్వర్ వదిలేసినా ఆ సంఖ్య మీకే ఉంటుందా?

మీటర్ల_మనిషి
ఒప్పందం కాగితం వెతుకుతున్నాను.