సమస్య: లఘువె గురువుకన్న లావు గాదె (ఆటవెలది)

నిర్వహణ: లఘువు ఒక మాత్ర, గురువు రెండు. తేలికది బరువైనదానికన్నా లావెలా అవుతుంది? ఇక్కడ లావంటే బలం. గజేంద్రుడు తనకు లేదని మొరపెట్టుకున్న లావే. పూరణలో పొడవైన ఇంగ్లీషు మాట ఒకటి ఉండాలి, దాని సిలబుల్స్, ఊనిక (ఏ సిలబుల్‌ను ఒత్తి పలుకుతారో అది) పద్యంలో తేలాలి.

మొదటి పూరణ:

టెలివిజనను మాట తెలుగు లెక్కను జూడ
మొదట నిలిచినట్టి ముద్దు లఘువు
ఆంగ్లవక్త నోట నదియె యూనిక నందు
లఘువె గురువుకన్న లావు గాదె

నిర్వహణ: మాస్టారూ, కిటుకు దొరకబట్టారు. మనం గురువని దీర్ఘంగా పలికేది కొలత, వాళ్లు ఒత్తి పలికేది స్ట్రెస్. రెండూ ఒకటి కావు. టెలి–తెలుగు ప్రాసయతి (మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలిసే యతి) హాయిగా ఉంది. ‘లఘువు / ఆంగ్ల’ మాత్రం విసంధి, అంటే కలవాల్సిన చోట సంధి కలపలేదు. ‘ముద్దు లఘువె / యాంగ్లవక్త’ అంటే సరిపోతుంది, యతీ చెడదు.

రెండో పూరణ (కాల్ సెంటర్ ట్రైనింగ్‌లో ఈ మాటను చప్పట్లు కొడుతూ ఆరు ముక్కలుగా నేర్చుకున్నాను):

రెండు గురువులుండు రెస్పాన్సిబిలిటిలో
వాని కందదూత వరుస దాటి
బిడియపడుచు నున్న ‘బి’కె దక్కెఁ బట్టమ్ము
లఘువె గురువుకన్న లావు గాదె

నిర్వహణ: అక్కయ్యగారూ, ఇది చదివి లేచి నిలబడ్డాను. త (గురువు, గురువు, లఘువు), నగ (మూడు లఘువులు, గురువు) గణాల్లో ఆ మాట మొత్తం ఇమిడిపోయింది! ‘రెస్పాన్సిబుల్’ అన్నప్పుడు ఊనిక ‘స్పాన్’ మీద ఉంటుంది. చివర ‘ఇటీ’ చేరగానే దాని ముందున్న ‘బి’ మీదికి జరుగుతుంది. ఎబిలిటీ, ఎలక్ట్రిసిటీ కూడా అంతే. యూనివర్సిటీ అయితే పూరణ కూలేది. అక్కడ ఊనిక పడే ‘వర్’ మనకూ గురువే.

మూడో పూరణ, మొదటి పాదం: ఫొటొగ్రఫి యను మాట పూర్తిగా వినుమన్న...

నిర్వహణ: తమ్ముడూ, ‘గ్ర’ సంయుక్తం కనుక ముందున్న ‘టొ’ గురువు. ‘ఫొటొగ్ర’ లఘువు, గురువు, లఘువు అయి, పాదం మొదట ఉండాల్సిన సూర్యగణం (మూడు లఘువులు, లేదా గురువు, లఘువు) కాకుండా పోయింది. పైగా ఇంగ్లీషులో ఊనికా ఆ టొ మీదే, సమస్యకు అడ్డం తిరుగుతుంది. ‘ఫొటోగ్రాఫ్’ పట్టుకో. అందులో ఊనిక ఫొ మీద, అది లఘువు. ‘ఫోటో’ అని దీర్ఘం మాత్రం ఇవ్వకు. రేపటికల్లా మిగతా పాదాలతో పంపు.