సంక్రాంతి సెలవుల్లో బోటు షికారు: రుషికొండా, హార్బరా?

ప్రశ్న: నమస్తే అండి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వైజాగ్ వస్తున్నాం. అమ్మ, నాన్న, ఎనిమిదేళ్ల పాప, మేమిద్దరం. రుషికొండలో బోటు ఎక్కాలా, ఫిషింగ్ హార్బర్ నుంచి వెళ్లే పెద్ద బోటు ఎక్కాలా అన్నది తేలట్లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. పాపేమో డాల్ఫిన్లు కనిపిస్తాయా అని రోజూ ఒకటే అడగడం.

జాలారిపేట అబ్బాయి: మోకాళ్ల నొప్పులంటే రుషికొండ వద్దండి. అక్కడ మోకాలి లోతు నీళ్లలోకి దిగి, అల తగ్గే దాకా ఆగి, అంచు పట్టుకుని కాలెత్తి ఎక్కాలి, ఆ ఒక్క క్షణంలో బోటు పక్కకి జరిగిందంటే పెద్దవాళ్లు పడిపోతారు. హార్బర్‌లో అయితే జెట్టీ మీదుగా నడిచి ఎక్కడమే. బయటికి రాగానే డాల్ఫిన్స్ నోస్ కొండ, పైన లైట్‌హౌస్, దూరంగా లంగరేసిన ఓడలు కనిపిస్తాయి. తెల్లారే వెళ్తే చేపల వేలంపాట కూడా చూడొచ్చు, కాకపోతే వాసన భరించాలి. నేవీ వాళ్ల వైపు ఫోటోలు తియ్యకండి.

ఎంవీపీ కాలనీ: పొద్దున్న ట్రిప్పే బుక్ చేసుకోండి, మధ్యాహ్నానికి గాలి లేచి బోటు ఊగుతుంది. జనవరిలో సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది, అదే అక్టోబరు, నవంబరు అయితే తుపాన్ల టెన్షన్. అమ్మగారిని ఖాళీ కడుపుతో ఎక్కించకండి, రెండు ఇడ్లీలు చాలు. కింది అంతస్తులో మధ్యలో కూర్చోబెట్టి, ఫోన్ చూడకుండా దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే చోటు చూడమనండి. మాత్ర వేసేటట్టయితే ముందే డాక్టర్ని అడగండి, బీపీ, షుగర్ మందులు వాడుతుంటే మరీ. ఇక డాల్ఫిన్లంటారా, కనిపిస్తే అదృష్టం, పాపకి మాత్రం మాటివ్వకండి.

భీమిలి రోడ్డు: అందరికీ లైఫ్ జాకెట్ ఉందో లేదో టికెట్ తీసుకునే ముందే చూడండి. పాపకి పిల్లల సైజుదే కావాలి, పెద్దవాళ్లది వేస్తే నీళ్లలో పడగానే తల మీదుగా జారిపోతుంది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర ఏం జరిగిందో మనందరికీ తెలుసు, గోదావరి వరద మీదుండగా టూరిస్టు బోటు తీశారు, అది మునిగిపోయింది. జనాన్ని కుక్కుతున్నా, హెచ్చరిక ఉన్నా డబ్బులు పోతే పోయాయని దిగిపోండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండి. హార్బర్ బోటే ఖాయం చేశాం, పొద్దున్న ట్రిప్పుకే. రుషికొండకి సాయంత్రం వెళ్తాం, అమ్మ ఒడ్డునే కూర్చుంటుంది. పిల్లల సైజు జాకెట్ ఉందో లేదో రేపు ఫోన్ చేసి కనుక్కుంటా.